పటాలం కుక్కతో మాట్లాడిన రోజులు

పటాలం మా ఊరికి పది రోజుల కోసం వచ్చింది. ఈ లెక్క నాది కాదు. వాళ్లను వెంటబెట్టుకొచ్చిన ఆఫీసరుగారు జీపులో నిలబడి మైకులో చెప్పారు, పది రోజులు ఓపిక పట్టమని. తర్వాత ఆయన బదిలీ అయిపోయారు. ఆయన స్థానంలో వచ్చినాయన కూడా బదిలీ అయ్యారు. పటాలానికి మాత్రం ఇది నాలుగో వానాకాలం.

మా ఊరు సముద్రానికీ బకింగ్‌హాం కాలువకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది. తుఫానుకు ఇళ్లు పోయినప్పుడు, కాలువకు పడమట మెరక మీద అందరికీ కొత్త కాలనీ కట్టిస్తామన్నారు. ముగ్గు పోశారు, పునాదులు తీశారు, కొన్నింటికి గోడలు కూడా లేచాయి. అంతలో తూర్పున, మా పాత ఇళ్లున్న ఇసుక మీద, ఏదో ప్రాజెక్టుకని సర్వే రాళ్లు పాతారు. మా ఆడవాళ్లు ఆ రాళ్లను పీకి కాలువలో పడేశారు. రాళ్లకు కాపలాగా పటాలం దిగింది. రాళ్లు ఇప్పటికీ కాలువ అడుగునే ఉన్నాయి. కాపలా గట్టు మీద ఉంది.

దిగింది కూడా ఎక్కడో కాదు, తుఫాను షెల్టర్‌లో. ఊరి మొత్తానికి ఉన్న ఒకే ఒక్క కాంక్రీటు కప్పు అది. తుఫానొస్తే మేం తలదాచుకోవడానికి కట్టింది. మేం నీలం పట్టలు కప్పిన గుడిసెల్లో ఉండి, వాన పడినప్పుడల్లా, పోనీలే పటాలమైనా తడవకుండా ఉందని సంతోషించేవాళ్లం. షెల్టరు పక్కనే కాలువ వంతెన. దాని మీద ఇనప గేటు పెట్టారు. కాలనీకి అవతల అంతా బురద నేల, అక్కడికి పోవాలంటే అదొక్కటే దారి. ఇటుక, ఇసుక, సిమెంటు, మేస్త్రి, మేస్త్రి సైకిలు, ఏది దాటాలన్నా పాసు కావాలి. పాసు రాసేది వాళ్లు. వాళ్లకు తెలుగు రాదు, మావాళ్లకు హిందీ రాదు. కాబట్టి పాసులు కూడా రావు.

ఒకసారి సిమెంటు బస్తాల్లో ఏదో దాచామని అనుమానం వచ్చి, బస్తా బస్తానూ చువ్వతో పొడిచి చూశారు. సిమెంటులో సిమెంటే ఉంది. పాసు వచ్చేసరికి సాయంత్రమైంది, ఈలోపు వాన పడి, పొడిచిన ప్రతి బస్తా రాయి అయి కూర్చుంది. ఆ బస్తాలన్నీ ఇప్పటికీ గేటు పక్కన వరసగా ఉన్నాయి. కాపలా వాళ్లు వాటి మీదే కూర్చుంటారు. మా కాలనీలో అప్పటికి పూర్తయిన కట్టడం అదొక్కటే.

శ్రీహరికోట వైపు నుంచి రాకెట్టు లేచినప్పుడల్లా ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుంది. ఒకసారి మా అమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తోక కనపడినంతసేపూ చూసి అడిగింది:

"యాడికి పోతుందంటరా అది?"

"చంద్రుడి దాకా అంటమ్మా."

"దానికి పాసు ఎవురిచ్చినారు?"

ఇంకోసారి ఎదురింటి టీవీలో ఏదో పరదేశపు వార్త. తుపాకులు పట్టుకుని వీధుల్లో నిలబడ్డ వేరే దేశపు సైనికులు, వెనక కూలిపోయిన ఇళ్లు, కట్టకుండా వదిలేసిన పిల్లర్లు, ముఖాలు మాడ్చుకున్న జనం. అమ్మ కాసేపు చూసి, "మన ఊరిని టీవీలో చూపిస్తుండారు, మన గుడిసె రాలేదే" అంది. ఎగతాళికి అనలేదు. నిజంగానే గుడిసె కోసం వెతికింది.

పటాలం మమ్మల్ని కొట్టలేదు, కాల్చలేదు. ఆ మాటకొస్తే మమ్మల్ని చూడనే లేదు. మా ఒళ్లు మండింది అక్కడే. మేం చేపలు ఎండబెట్టే దిబ్బ మీద వాలీబాల్ నెట్ కట్టారు. బంతి వెళ్లి చేపల మీద పడితే, చేపల మీద నడిచి వెళ్లి తెచ్చుకున్నారు. ఆడవాళ్లు నీళ్లు పట్టుకునే బోరింగు దగ్గర లుంగీలతో స్నానాలు చేశారు. మా వీధి కుక్క ఒకటి, తెల్లది, చెవి తెగింది, చపాతీల కోసం వాళ్ల వైపు ఫిరాయించింది. ఊళ్లో అందరికంటే ఎక్కువ తిట్లు దానికే పడ్డాయి.

మావాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? గాలి తిరుగుడును బట్టి దిబ్బలు మార్చారు. సొరచేప ముక్కలు, కోసి ఉప్పేసినవి, గాలి షెల్టరు వైపు వీచే చోట ఎండబెట్టడం మొదలుపెట్టారు. ఉత్తరం గాలైతే ఉత్తరాన, దక్షిణం గాలైతే దక్షిణాన. వాతావరణ శాఖ కూడా మా ఆడవాళ్లంత శ్రద్ధగా గాలిని గమనించి ఉండదు. పటాలం ముక్కులకు రుమాళ్లు కట్టుకుని వాలీబాల్ ఆడింది. చివరికొక రోజు ఓపిక చచ్చిన ఒకడు రెండు గంపల చేపలు తీసుకుపోయి కాలువలో కుమ్మరించాడు.

దాంతో దురాయి పడింది.

దురాయి అంటే మా రేవు ఊళ్ల కట్టుబాటు. ఊరి పెద్దను పెద్దకాపు అంటాం. పెద్దలంతా కూర్చుని, గంగమ్మ మీద ఆన పెట్టి ఒక మాట చెబితే, ఆ మాట ఎవరూ దాటకూడదు. మా పెద్దకాపుకు కోపం వస్తే మీసం వణుకుతుంది. ఆ రోజు మీసంతో పాటు గడ్డం కూడా వణికింది. చాటింపు వేసింది మా నాయన. ఊళ్లో తప్పెట కొట్టి కేకేసే పని ఆయనది. సముద్రం హోరులో కూడా వినపడే గొంతు. ఇంట్లో ఉప్పు అడిగినా ఊరంతా వినేది.

"వినుకోండయ్యా... పటాలపోళ్లతో ఎవురూ మాట్లాడకూడదు. చేప అమ్మకూడదు. వాళ్ల చేతిది తీసుకోకూడదు, మన చేతిది ఈకూడదు. దాటినోడి వల ఎవురూ లాగకూడదు, వాడింటి పనికి ఎవురూ పోకూడదు. గంగమ్మ మీద దురాయి."

ఊరంతా ఈలలు వేసింది. ఆ ఈలల్లో ఎవరూ గమనించని సంగతి ఒకటుంది. దురాయి వేసేటప్పుడు గడువు చెప్పాలి. పదిహేను రోజులనో, నెలనో. పెద్దకాపు కోపంలో గడువు చెప్పడం మర్చిపోయాడు. గడువు చెప్పని దురాయిని వేసినవాడు కూడా ఎత్తలేడు. గంగమ్మ జాతర రోజున, ఆమె ముందే ఎత్తాలి. జాతర అప్పటికి ఏడు నెలల దూరంలో ఉంది. మా నాయన రాత్రి కంచం ముందు కూర్చున్నాక గుర్తొచ్చి, ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగి, "గడువు చెప్పలేదే" అన్నాడు. ఆ మాట కూడా ఊరంతా వినే ఉంటుంది.

మాట్లాడకుండా ఉండటం మావాళ్లకు చేతకాని పని. మూడు రోజులకే దారి దొరికింది. మాట్లాడకూడనిది పటాలంతో. పటాలం కుక్కతో కాదు. అది పుట్టింది మా ఊళ్లోనే గనక దానికి దురాయి వర్తించదని పెద్దకాపే తీర్పు చెప్పాడు. ఇక చూడండి. నీళ్లకు పోయే ఆడవాళ్లు గేటు ముందు నిలబడి కుక్కను పలకరించేవాళ్లు.

"ఏం నాయనా, మా చేపలు కాలువలో పోసి బాగుండావా?"

"మీ అమ్మ నిన్ను ఇట్టనే పెంచిందా, పరాయి కప్పు కింద పడుకోమని?"

"నీ వాలీబాల్లో మన్ను పడ."

కుక్క తోక ఊపేది. గేటు దగ్గర కూర్చున్నవాడు మా ఊరి జనానికి కుక్కలంటే ఎంత ప్రేమో అనుకుని ఉంటాడు. ఒకతను ఫొటో కూడా తీసుకున్నాడు.

ఇలా నడుస్తుండగా మాకు నోటీసు వచ్చింది.

కాలనీలో గోడలు పూర్తయి కప్పు కోసం నోరు తెరుచుకుని ఉన్న ఇళ్లలో మాదొకటి. పట్టా అమ్మ పేరు మీద. గోడలు లేపడానికి అమ్మకు రెండేళ్లు పట్టింది. పటాలం తెల్లవారి కాపలా మారేటప్పుడు గేటు కాసేపు తెరిచి ఉంటుందని కనిపెట్టి, ఆ కాసేపట్లో చేప గంప కింద దాచి రోజుకు ఆరు ఇటుకలు దాటించేది. గంప బరువుకు ఆమె మెడ ఒకవైపు వాలిపోయింది. నేను వద్దంటే, "ఆరే గదరా" అనేది. ఆరు, ఆరు, ఆరు. ఇసుక అక్కడే ఉంది. సిమెంటు ఎలా దాటిందో అమ్మ నాకు ఇప్పటికీ చెప్పలేదు.

సచివాలయం నుంచి వచ్చే ఇంజనీరమ్మ నోటీసు చదివి వినిపించింది. నెలాఖరులోగా స్లాబు పడి, ఫొటో ఫోన్‌లోకి ఎక్కకపోతే, లబ్ధిదారుల జాబితాలోంచి పేరు పోతుంది. ఇల్లు ఎందుకు ఆగిందని ఆ ఫోన్‌లో కారణాలు కూడా ఉన్నాయి, వాటిల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. నిర్లక్ష్యం, వలస, మరణం. పటాలం అన్నది లేదు. ఆ పిల్ల పాపం మూడుసార్లు పైకీ కిందకీ జరిపి చూసింది.

"మరణం అని పెట్టమ్మా, మిగతాది వాళ్లు చూసుకుంటారు" అన్నాను.

"ఉండురా, నీ నోట్లో" అంది అమ్మ. ఆమె నవ్వలేదు. అప్పటికే గేటు వైపు చూస్తోంది.

స్లాబుకు మిక్సరు కావాలి. మిక్సరును గంప కింద దాచలేం. గేటు తెరవమని అడగాలి. అడిగితే దురాయి తప్పినట్టు. అమ్మ మూడు రోజులు వరసగా పోయి, గేటు ముందు చతికిలబడి, కుక్కకు తన కథంతా చెప్పుకుంది. తుఫాను నుంచి మొదలుపెట్టి, ఆరేసి ఇటుకలు, నోటీసు, నెలాఖరు, అన్నీ. రెండో రోజు ఏడ్చింది కూడా. మూడో రోజు పటాలంలో ఒకతను బయటికి వచ్చి, ఆమె ముందు రెండు చపాతీలు పెట్టి పోయాడు. ఆకలితో ఉన్న పిచ్చిది అనుకున్నాడు.

అమ్మ ఆ చపాతీలను కుక్కకు కూడా పడనివ్వలేదు. కాలువలో విసిరి ఇంటికి వచ్చింది. ఆ రోజు వరకూ నాకు వాళ్ల మీద ఉన్నది చిరాకు. ఆ రోజు అది కోపమైంది. నాకు కోపం అంతగా నప్పదు, జోకులు తగ్గుతాయి.

ఊళ్లో హిందీ వచ్చినవాణ్ని నేనొక్కడినే. గుజరాత్ బోట్ల మీద రెండు సీజన్లు పనిచేసి, దురాయికి కాస్త ముందే తిరిగొచ్చాను, సంపాదించుకొచ్చింది అదొక్కటే. నాలుగో రోజు పొద్దున నేను గేటు దగ్గరికి పోయాను. దిబ్బ మీద ఆడవాళ్లు చేపలు తిరగేస్తున్నారు, మగవాళ్లు వలలు బాగుచేస్తున్నారు, పెద్దకాపు సరుగుడు తోపు నీడలో కూర్చుని ఉన్నాడు. అందరూ చూస్తుండగా నేను కుక్క ముందు గొంతుక్కూర్చుని, హిందీలో, గట్టిగా, దానితోనే మాట్లాడాను. ఆ వచ్చిన ఆమె పిచ్చిది కాదనీ, మా అమ్మ అనీ, చపాతీలు అడగలేదనీ, మిక్సరు దాటాలనీ, నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయనీ.

షెల్టరు మెట్ల మీద పళ్లు తోముకుంటున్న ఆఫీసరు బ్రష్షు నోట్లోనే పెట్టుకుని దిగి వచ్చాడు. ఇన్నాళ్లలో ఆ గేటు ఇవతలి నుంచి పటాలానికి అర్థమైన మొదటి మాట అదే. మిక్సరు ఎన్ని గంటలకు వస్తుందని అడిగాడు. నేను కుక్క వైపు తిరిగి రేపు ఎనిమిదికి అన్నాను. ఐదింటికల్లా మళ్లీ గేటు దాటిపోవాలి, సరేనా, అన్నాడు.

"జీ సాబ్" అన్నాను. అలవాటు. బోటు మీద రెండు సీజన్లు అదే మాట. అన్నప్పుడు కుక్క వైపు చూడటం మర్చిపోయాను.

ఆ సాయంత్రమే రేవులో పంచాయితీ. నేను వాదించాను, కుక్కతోనే మాట్లాడానని.

పెద్దకాపు మీసం వణికింది. "కుక్కతో మాట్లాడినావు, ఒప్పుకుంటా అబ్బయ్యా. జీ సాబ్ అని కుక్కను అన్నావా?"

నవ్వు రేవంతా పాకింది. నేనూ నవ్వాను. ఇంకొకడి మీద వేసుంటే ఆ జోకుకు నేనే ముందు చప్పట్లు కొట్టేవాణ్ని.

"పెద్దాయనా, మా అమ్మ పేరు పోతుంది. జాతర దాకా ఆగమంటే ఇల్లు ఆగదు."

"నీ ఒక్క అమ్మకేనా ఇల్లు? ఊరంతా పట్టల కింద లేదా? ఈ పొద్దు నువ్వు సాబ్ అంటివి. రేపు ఇంకోడు అంటాడు. ఎల్లుండి వాళ్లకు చేపల పులుసు పెట్టి పంపిస్తారు. ఇంగ వాళ్లు యాడికి పోతారు?"

నిజం చెప్పాలంటే ఆ మాట తప్పని నేను అనలేకపోయాను. ఇప్పటికీ అనలేను.

తీర్పును చాటింపు వేయాల్సింది మా నాయన. వేశాడు. వీధి వీధికీ తిరిగి, నా పేరు, తన ఇంటిపేరు, మా ఇంటి పనికి ఎవరూ పోకూడదని, మాతో కూర్చుని ఎవరూ తినకూడదని. మా గుడిసె ముందైనా గొంతు తగ్గిస్తాడేమో అనుకున్నాను. అక్కడ ఇంకొంచెం పెంచాడు. చాటింపు ముగించి తప్పెట చంకలో పెట్టుకుని, మాతో తినకూడదు గనక, పోయి పడవలో పడుకున్నాడు. అమ్మ గిన్నెలో అన్నం పెట్టి పడవ పక్కన ఇసుకలో ఉంచి, పడవతో చెప్పింది, "చల్లారక ముందే తినమను."

మా ఊళ్లో స్లాబంటే పెద్ద వల లాగడం లాంటిదే. ఒక్కరి వల్ల కాదు. ముప్పై మంది కింద నుంచి మీదికి వరస కట్టి నిలబడి, కాంక్రీటు తట్టలు చేతులు మార్చుకుంటూ పోవాలి. మధ్యలో ఆగకూడదు, ఆగితే పోసింది గట్టిపడుతుంది. పని అయ్యాక ఇంటివాళ్లు అందరికీ భోజనం పెడతారు. అమ్మ ముందు రోజే బియ్యం చెరిగి పెట్టుకుంది. ఎంత మందికి అని నేను అడగలేదు. ముప్పై మందికి సరిపడా ఉన్నాయి.

ఎనిమిదింటికి గేటు తెరిచారు. ముత్తుకూరు నుంచి మిక్సరు వచ్చింది. దాన్ని నడిపే అతను మిక్సరు తప్ప మరేదీ ముట్టనని దిగకముందే చెప్పాడు. మేస్త్రి, ఆయన భార్య పొరుగూరి వాళ్లు, వాళ్లకు దురాయి లేదు. మోసేవాళ్లం అమ్మ, నేను. కాలువ అవతల గట్టు మీద ఊరంతా నిలబడి చూస్తోంది. స్లాబు చూడకూడదని దురాయిలో లేదు.

గంట గడిచేసరికి నా చేతులు నావి కావనిపించింది. అప్పుడు ఆఫీసరు వచ్చాడు, వెనక ఎనిమిది మంది, బనియన్లలో, ప్యాంట్లు పైకి మడిచి. నలుగురు అప్పుడే తట్టల మీద వంగారు.

అమ్మ నిచ్చెన మీద నుంచి దిగింది. చేతులకున్న సిమెంటు చీరకు తుడుచుకుని, కుక్క కోసం చుట్టూ చూసింది. కుక్క కూడా వచ్చింది, ఎవరు పిలిచారో.

"చెప్పు వాళ్లకి" అంది కుక్కతో. "నా కప్పు మీద వాళ్ల చెయ్యి పడితే, పగలగొట్టి మళ్లీ పట్ట కప్పుకుంటానని చెప్పు. మా ఇళ్లు ఆపిన చేతులు అయ్యి. ఆపిన చేత్తోనే కట్టించుకునేదానికి నాకేం ఖర్మ?"

నేను ఆఫీసరుతో, "చాలా థాంక్స్, అవసరం లేదంటోంది" అన్నాను.

ఆయనకు తెలుగు రాదు గానీ ఆ మాటకు అనువాదం అక్కర్లేదు. ముఖం ఎర్రబడింది. తామేమీ ఇష్టపడి వచ్చినవాళ్లం కాదనీ, పంపితే వచ్చామనీ, తన సొంత ఊళ్లో తన ఇల్లు కూడా వరద తర్వాత సగంలో ఆగిపోయి ఉందనీ చెప్పాడు. అది నాకు కొంచెం తగిలింది. అమ్మకు చెప్పాను, ఈసారి ఉన్నదున్నట్టు.

"దాన్ని ఆపింది మనం కాదు గదా" అంది అమ్మ, మళ్లీ నిచ్చెన ఎక్కుతూ.

వాళ్లు పోయి గేటు పక్కన రాయైన బస్తాల మీద కూర్చున్నారు. అటు గట్టు మీద ఊరు, ఇటు బస్తాల మీద పటాలం, మధ్యలో తట్ట మోస్తూ మేం ఇద్దరం. టిక్కెట్టు పెట్టి ఉండాల్సింది.

మధ్యాహ్నం దాటాక నాయన వచ్చాడు. ఊరందరి ముందు వంతెన మీద నడుచుకుంటూ వచ్చి, తప్పెటను సెంట్రింగు కర్రకు తగిలించి, తట్ట ఎత్తుకున్నాడు. చాలా గొప్పగా ఉండేది, మొదటి తట్ట నా కాలి మీద వేయకపోయి ఉంటే. అమ్మ ఆయన వైపు చూడలేదు. ఆ తప్పెటను ఆయన మళ్లీ మోగించలేదు. ఇప్పుడు చాటింపులు వాట్సాప్‌లో వస్తున్నాయి, గొంతు లేకుండా.

నాలుగున్నరకు సగం స్లాబు అయింది. ఐదుకు మిక్సరు గేటు దాటాలి. మేస్త్రి మధ్య గోడ మీదికి వచ్చేసరికి తాపీ కింద పెట్టేశాడు.

"ఆపితే ఈడే ఆపాలమ్మా. రేపు పోసినా ఎల్లుండి పోసినా అతుకు అతుకే. వానకు నీరు దిగుద్ది."

"దిగనీ" అంది అమ్మ. చేతులు పైకెత్తలేకపోతోంది. పొద్దున వండిన అన్నం ఐదుగురం తిన్నాం. మిగిలింది, చాలా మిగిలింది. అది కూడా కాలువలోనే పోసింది. కాలువ తరఫున మాకెవరూ కృతజ్ఞత చెప్పలేదు.

నెలాఖరు రోజు ఇంజనీరమ్మ వచ్చి, నిచ్చెన ఎక్కి, సగం కప్పును చూసి, తర్వాత అమ్మ మెడను చూసి, మెల్లగా తూర్పు మూలకు పోయి నిలబడింది. అక్కణ్నుంచి ఫొటో తీస్తే కనిపించినంత మేరా స్లాబే. ఫోన్ ఒప్పుకుంది. మా వరసలో మిగిలిన ఇళ్లకు ఆ మూల కూడా లేదు. వాళ్ల పేర్లు ఉన్నాయో పోయాయో కనుక్కోవడానికి పెట్టిన అర్జీ ఇంకా తిరిగి రాలేదు.

జాతర రోజు గంగమ్మ ముందు దురాయి ఎత్తారు. ఆ మర్నాడే ఆఫీసరును అడిగి మిక్సరు దాటిస్తే, ఊరంతా వచ్చి, ఏమీ జరగనట్టు వరస కట్టి, మిగతా సగం గంటన్నరలో పోసేసింది. పాటలు కూడా పాడారు. పటాలాన్ని తిట్టారు. నేను జోకులు వేశాను, నవ్వారు. అమ్మ అందరికీ భోజనం పెట్టింది. పెద్దకాపుకు తానే వడ్డించింది. అంతా సర్దుకుందనుకున్నాను. మా అమ్మను నేను ఇరవై ఆరేళ్లుగా ఎరుగుదును, అయినా అనుకున్నాను.

పటాలం పోలేదు. ఆ వారంలోనే ఆఫీసరు మారాడు, కొత్తాయన గేటుకు రెండో తాళం వేశాడు. కాలనీలో కప్పున్న ఇల్లు ఇప్పటికీ మాదొక్కటే. చుట్టూ గోడలు, గోడల మధ్య జిల్లేడు మొక్కలు.

పోయిన వారం వాన పడుతుంటే పెద్దకాపు వచ్చాడు. ఆయన కూతురి ఇల్లు మా వెనక వరసలో, గోడల వరకు లేచి ఉంది. ఆ పిల్లకు కూడా నోటీసు వచ్చింది. గొడుగు మూసి గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ ఎంతో మర్యాదగా, "రా మామా, కూర్చో" అని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నడింట్లో వేసింది. సరిగ్గా అతుకు కింద.

మొదటి చుక్క ఆయన నడినెత్తిన పడింది.

"అబ్బయ్యా" అన్నాడు నాతో, "రేపు నువ్వొకసారి గేటు కాడికి రావాల."

"వచ్చి ఎవరితో మాట్లాడాల పెద్దాయనా?"

రెండో చుక్క. తుడుచుకోలేదు. తుడుచుకుంటే పడినట్టు ఒప్పుకోవాలి.

"ఆ కొత్తాయనతో."

"కుక్కుండాది గదా మామా" అంది అమ్మ. "దానికి తెలుగొచ్చు. పోయి చెప్పుకో."

ఆయన మీసం వణకలేదు. తల వంచుకున్నాడు, చుక్కలు మెడ వెనక్కి పోయాయి. వాన పెరిగింది. ఇప్పుడు చుక్కలు కాదు, సన్నటి దార. నేను వస్తానని తల ఊపాను. ఆ పిల్ల ఇల్లు ఏం చేసింది పాపం. అమ్మ నా వైపు చూసి, లోపలికి పోయి బేసిను తెచ్చింది. దాన్ని ఆయన కుర్చీ కాళ్ల మధ్యకు తోసింది.

"నేల పాడైపోతుంది" అంది.